అయిదు నెలల పాపకు నీటికాసులు అనుమానం అన్నారు: తిరుపతిలోనే చూపించాలా, హైదరాబాద్ దాకా పోవాలా?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ చెల్లెలి పాపకు అయిదో నెల, కార్వేటినగరం దగ్గర పల్లె. పుట్టినప్పటి నుంచీ కళ్ళు పెద్దవి, చూసినవాళ్ళంతా కలువకళ్ళ పిల్ల అని ముద్దు చేశారు. ఈమధ్య కళ్ళ వెంట ఒకటే నీళ్ళు, వాకిట్లోకి ఎత్తుకొస్తే మొహం తల్లి భుజంలో దాచేసుకుంటుంది, ఎడమకంటి నల్లగుడ్డు కొంచెం మబ్బు పట్టినట్టుంది. పుత్తూరులో చూసిన డాక్టరు గ్లకోమా (అదే నీటికాసులు) కావచ్చు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి అన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో ఏడాది నిండనీ, కొండకు పోయి పుట్టువెంట్రుకలు తీయించాక చూద్దాం, ఇంత పసిబిడ్డకు మత్తు ఎందుకు అంటున్నారు. ఆగొచ్చా, ఎక్కడికి పోవాలి, చూపు దక్కుతుందా అని మీ ప్రశ్న.

ఆగకూడదు. ఈ వారంలోనే, పసిపిల్లలకు మత్తు ఇచ్చి కన్ను పరీక్ష చేయగలిగిన ఆసుపత్రికి చేర్చండి. మొదటి పరీక్షకు ఊరు పేరు కంటే ఎన్ని రోజుల్లో చూస్తారన్నది ముఖ్యం, కాబట్టి మీకు దగ్గరున్న తిరుపతితో మొదలుపెట్టండి. ఆపరేషన్ ఎక్కడ అనేది ఆ పరీక్ష అయ్యాక తేలుతుంది. అప్పుడు కూడా ఒక్కటే గుర్తుపెట్టుకోండి: ఈ జబ్బుకు ఒకసారి పోయి వస్తే సరిపోదు, పాప పెద్దదయ్యేదాకా, ఆ తర్వాత కూడా, తిరుగుతూనే ఉండాలి. అందుకని మీ చెల్లెలు చంకన బిడ్డనేసుకుని మళ్ళీ మళ్ళీ పోగలిగిన చోటు ఏదో ఇప్పుడే ఆలోచించుకోండి.

నేను డాక్టర్ని కాను. చిత్తూరు జిల్లాలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆఫ్తాల్మిక్ ఆఫీసర్‌గా చాలా ఏళ్ళు పనిచేశాను. కళ్ళద్దాలు రాయడం, స్కూళ్ళలో పిల్లల కళ్ళు చూడడం, అనుమానం వచ్చినవాళ్ళను పైకి పంపడం, పంపినవాళ్ళు నిజంగా పోయారా లేదా అని కనుక్కోవడం నా పని. ఈ చివరిది ఎవరూ చేయమని చెప్పలేదు కానీ, పిల్లల విషయంలో చీటీ రాసిచ్చి వదిలేస్తే సగంమంది బస్టాండు దాకా కూడా పోరని చూశాక అలవాటు చేసుకున్నాను.

ఎందుకు ఆగకూడదంటున్నానో చెప్తాను. కంటి లోపల ఒక నీరు ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది (కన్నీళ్ళు కాదు, అవి వేరు). నల్లగుడ్డు అంచున, లోపలి మూలలో ఉండే సన్నటి జల్లెడలాంటి భాగం గుండా అది బయటికి పోతుంది. కొందరు బిడ్డల్లో ఆ భాగం కడుపులో ఉన్నప్పుడే సరిగ్గా తయారుకాదు. చెరువులోకి వాగు నీళ్ళు వస్తూనే ఉండి తూము పూడిపోతే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది, లోపల ప్రెషర్ పెరుగుతుంది. పెద్దవాళ్ళ కన్ను గట్టిపడి ఉంటుంది కాబట్టి సాగదు. పసిబిడ్డ కన్ను మెత్తన, సుమారు మూడేళ్ళ వరకు సాగుతుంది. మీకు పెద్ద కళ్ళుగా కనబడేది అదే. సాగేకొద్దీ నల్లగుడ్డు లోపలి పొరలో చీలికలు వచ్చి నీరు పట్టి మబ్బుగా అవుతుంది, వెలుతురు చూస్తే ఓర్చుకోలేదు, నీళ్ళు కారతాయి. వీటన్నిటికంటే అసలు నష్టం వెనకాల జరుగుతుంది, కంటి నుంచి మెదడుకు పోయే నరం నొక్కుకుపోతుంది. ప్రెషర్ దిగితే మబ్బు చాలావరకు తేటపడుతుంది. పసిపిల్లల్లో నరంలో పడిన గుంత కూడా కొంత తగ్గడం ఉంటుంది. చచ్చిపోయిన నరం పోగులు మాత్రం తిరిగి రావు. పైగా మొదటి ఏడాది రెండేళ్ళలోనే మెదడు చూడడం నేర్చుకుంటుంది. ఆ సమయంలో కన్ను మబ్బుగా ఉంటే తర్వాత కన్ను బాగైనా మెదడు ఆ కన్నును పట్టించుకోదు. ఏడాది నిండాక అంటే ఇంకో ఏడు నెలలు. పుట్టువెంట్రుకలు మూడో ఏట తీసినా, అయిదో ఏట తీసినా స్వామి ఏమీ అనుకోడని మీ పెద్దవాళ్ళకు నా మాటగా చెప్పండి. నేను చాలా ఇళ్ళలో చెప్పాను, భక్తి ఉన్నవాళ్ళు ఆ మాట వింటారు కూడా.

పసిపిల్లలకు కళ్ళు నీళ్ళు కారడం మామూలే కదా, నర్సమ్మ ముక్కు పక్కన నొక్కి మసాజ్ చేయమంది అని చాలామంది అంటారు. నిజమే, కన్నీళ్ళు ముక్కులోకి పోయే దారి మూసుకుని ఉండడం పసిపిల్లల్లో చాలా మామూలు, ఎక్కువమందికి ఏడాదిలోపు దానంతట అదే తెరుచుకుంటుంది. తేడా ఎట్లా తెలుస్తుందంటే, దారి మూసుకున్న బిడ్డకు నీళ్ళతోపాటు పుసి పడుతుంది, పొద్దున రెప్పలు అంటుకుంటాయి, కానీ నల్లగుడ్డు నిగనిగలాడుతుంటుంది, వెలుతురులో హాయిగా కళ్ళు తెరిచి చూస్తుంది. వెలుతురు చూడలేక కళ్ళు గట్టిగా మూసుకునే బిడ్డకు మసాజ్‌తో కాలక్షేపం చేయకూడదు. నీళ్ళు కారడం, వెలుతురు పడకపోవడం, రెప్పలు బిగించడం మూడూ కలిస్తే, పైన కన్ను పెద్దగానో మబ్బుగానో ఉంటే, అది నీటికాసులు కాదని తేలేదాకా నీటికాసులే అనుకుని పరుగెత్తాలి. పుట్టిన బిడ్డ నల్లగుడ్డు అడ్డంగా సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది, మొదటి ఏడాదిలో 12 దాటితే అనుమానించాల్సిందే. ఇంట్లో స్కేలు పెట్టి కొలవకండి. దానికంటే పనికొచ్చేది మీ ఫోన్‌లో ఉంటుంది: పుట్టినరోజు నుంచీ తీసిన ఫొటోల్లో మొహం సూటిగా ఉన్నవి నెలకొకటి చొప్పున ఒక చోట పెట్టుకుని డాక్టరుకు చూపించండి. రెండు కళ్ళలో ఏది ఎప్పుడు పెద్దదైందో, మబ్బు ఎప్పుడు మొదలైందో వరసగా కనబడుతుంది.

నగరి వైపు మగ్గం నేసే కుటుంబం ఒకటి గుర్తుంది. మగబిడ్డ, ఒక కన్నే పెద్దది. ఒక చోట మసాజ్ అన్నారు, ఇంకో చోట యాంటీబయాటిక్ చుక్కలు ఇచ్చారు, మధ్యలో ఎవరో చనుబాలు పిండమన్నారు, ఇంకెవరో దిష్టి అన్నారు. నా దగ్గరికి వచ్చేసరికి ఏడాది దాటింది, నల్లగుడ్డు పాలరాయిలా తెల్లబడి ఉంది. ఆపరేషన్ అయింది, ప్రెషర్ దిగింది, ఆ కంటికి చూపు మాత్రం రాలేదు. ఆ తల్లి బిడ్డను ఒక్క రోజు కూడా నిర్లక్ష్యం చేయలేదు. వారం వారం ఎవరో ఒకరికి చూపిస్తూనే ఉంది. చూపించాల్సిన చోటుకు పంపినవాళ్ళే లేరు. మీ విషయంలో పుత్తూరు డాక్టరు మొదటిసారే సరిగ్గా అనుమానించారు, ఆ చీటీని వదలకండి.

ఇక ఎక్కడికి పోవాలన్న మాట. తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది, 2019 నుంచి అరవింద్ కంటి ఆసుపత్రి కూడా ఉంది. చిత్తూరు వైపు వాళ్ళకు వేలూరు దగ్గర, అక్కడ సీఎంసీ వాళ్ళ షెల్ కంటి ఆసుపత్రి ఉంది. చెన్నైలో 1978లో మొదలైన శంకర నేత్రాలయ, హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ ఉన్నాయి. ఎల్వీ ప్రసాద్‌కు విజయవాడ, విశాఖపట్నంలో కూడా ఆసుపత్రులున్నాయి. పసిపిల్లల నీటికాసుల ఆపరేషన్లలో ఎల్వీ ప్రసాద్‌లో డాక్టర్ అనిల్ కుమార్ మండల్ గారు చేసిన పని దేశమంతటా తెలిసిందే, 2003లో శాంతి స్వరూప్ భట్నాగర్ అవార్డు కూడా ఇచ్చారు. ఇన్ని పేర్లు చెప్పానని బెదిరిపోకండి. ఏది గొప్పది అని చుట్టాలను అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్తారు, వారం గడిచిపోతుంది. మీరు ఫోన్ చేసి ఆసుపత్రినే అడగాల్సినవి నాలుగు మాటలు: పసిపిల్లలకు నీటికాసుల ఆపరేషన్ చేసే డాక్టరు మీ దగ్గర ఉన్నారా, ఆరు నెలల లోపు బిడ్డకు మత్తు ఇచ్చే డాక్టరు ఉన్నారా, మత్తు ఇచ్చి చేసే పరీక్ష ఏ రోజుల్లో చేస్తారు, మాకు ఎన్ని రోజుల్లో తేదీ ఇస్తారు. నాలుగింటికీ అవునన్న చోటు తిరుపతిలోనే దొరికితే అక్కడే చేయించండి. లేదు, మేం పరీక్ష మాత్రం చేస్తాం, ఆపరేషన్‌కు పైకి పంపుతాం అంటే అదీ మంచిదే, ఆ పరీక్ష కాగితంతో పోతే పై ఆసుపత్రిలో పని త్వరగా అవుతుంది.

రిసెప్షన్లో మాట్లాడే తీరు కూడా చెప్తాను, ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ ఓపీ రద్దీలో చాలా తేడా తెస్తుంది. పాపకు కళ్ళు నీళ్ళు కారుతున్నాయి అంటే నంబరు ఇచ్చి కూర్చోమంటారు. "అయిదు నెలల బిడ్డ, గ్లకోమా అనుమానం, నల్లగుడ్డు మబ్బుగా ఉంది, వెలుతురు చూడలేకపోతోంది" అని ఇదే వరసలో చెప్పండి. పుత్తూరు చీటీ ముందు పెట్టండి. వచ్చే నెలకు తేదీ ఇస్తే ఒప్పుకోకండి, ఇంకా ముందుగా చూసే చోటు ఏదో వాళ్ళనే అడిగి రాయించుకుని పోండి.

మత్తు భయం గురించి. పసిబిడ్డ కదలకుండా ఉండదు, ఏడిస్తే ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది, అందుకే నిద్రపుచ్చి ప్రెషర్ చూస్తారు, నల్లగుడ్డు కొలుస్తారు, కన్ను పొడవు కొలుస్తారు, వెనక నరం చూస్తారు. చాలా చోట్ల పరీక్షలో జబ్బు ఖాయమైతే అదే మత్తులో ఆపరేషన్ కూడా చేస్తారు, దానికి ముందే మీ సంతకం అడుగుతారు, కాబట్టి నిర్ణయం చెప్పగలిగిన మనిషి ఆ రోజు పక్కనే ఉండాలి. మత్తులో ప్రమాదం అసలే లేదని ఎవరూ చెప్పరు, నేనూ చెప్పను. పసిపిల్లలకు మత్తు ఇవ్వడంలో చేయి తిరిగిన డాక్టరు ఉన్న చోట ఆ ప్రమాదం బాగా తక్కువ. ఆపరేషన్ లేకుండా వదిలేస్తే కన్ను పోవడం మాత్రం దాదాపు ఖాయం. జలుబు, దగ్గు, జ్వరం, ఆయాసం ఏదున్నా మత్తు డాక్టరుకు దాచకుండా చెప్పండి. కడుపు ఖాళీగా ఉంచమని చెప్తారు, మామూలుగా తల్లిపాలు 4 గంటల ముందు, డబ్బాపాలు లేదా ఆవుపాలు 6 గంటల ముందు ఆపమంటారు, మీకు చెప్పిన టైమునే పాటించండి. ఎన్నో పరీక్షలు ఎందుకు వాయిదా పడ్డాయో తెలుసా, బిడ్డ ఆకలికి ఏడుస్తుంటే అవ్వ మనసు ఆగక చాటుగా పాలు పట్టేసింది. ఆ అవ్వను ఏమనగలం. అందుకే ఆ రోజు బిడ్డను ఎత్తుకునేవాళ్ళందరికీ, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుందని ముందు రాత్రే విడమరిచి చెప్పండి.

చుక్కల మందుతో తగ్గదా అని తర్వాత అడుగుతారు, ముందే చెప్తున్నా. పెద్దవాళ్ళ నీటికాసులకు మొదట మందులు, పసిపిల్లల దానికి మొదట ఆపరేషన్. మందులు ఆపరేషన్ దాకా ప్రెషర్‌ను కాస్త పట్టి ఉంచడానికి, ఆపరేషన్ తర్వాత మిగిలింది దించడానికి. ఆపరేషన్ అంటే ఆ పూడిన దారిని లోపలినుంచి గానీ బయటినుంచి గానీ తెరవడం. మన దేశంలో చాలామంది బిడ్డలు నల్లగుడ్డు మబ్బు పట్టాకే వస్తారు, అప్పుడు లోపలి మూల కనబడదు, అందుకని బయటినుంచి దారి తెరుస్తూ దానితోపాటు కొత్త దారి కూడా చేసే జంట ఆపరేషన్ ఎక్కువగా చేస్తారు. రెండు కళ్ళకూ జబ్బు ఉండడమే ఎక్కువ, కాబట్టి కుడికన్ను బాగుందని మీరు నిర్ణయించుకోకండి.

ఇంట్లో తాతగారికి రాసిన గ్లకోమా చుక్కలు ఉంటే పొరపాటున కూడా బిడ్డకు వేయకండి. వాటిలో బ్రిమోనిడిన్ అనే మందు రెండేళ్ళలోపు పిల్లలకు వేస్తే మగత ముంచుకొచ్చి ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. టిమొలాల్ కూడా ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న బిడ్డకు మంచిది కాదు, మామూలు బిడ్డకైనా డాక్టరు చూసి మోతాదు చెప్తేనే. డాక్టరు రాసిన చుక్క వేశాక కంటి మూల ముక్కు పక్కన రెండు నిమిషాలు వేలితో మెల్లగా ఒత్తి పట్టుకుంటే మందు ఒంట్లోకి దిగడం తగ్గుతుంది.

చుక్కల మాట వచ్చింది కాబట్టి మీ పాపకు సంబంధం లేకపోయినా ఇది చదివే మిగతావాళ్ళ కోసం ఒకటి చెప్పి తీరాలి. మన వైపు ఎండ, దుమ్ము, ఎండాకాలం వస్తే పిల్లలు కళ్ళు నలుపుకుంటూనే ఉంటారు. మెడికల్ షాపులో ఒక చుక్కల మందు ఇస్తారు, వేస్తే గంటలో దురద పోతుంది, కన్ను తెల్లగా అవుతుంది, ఇంక ఆ ఖాళీ సీసా చూపించి ఏళ్ళ తరబడి అదే కొంటారు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. కొందరు పిల్లల్లో అది ప్రెషర్ పెంచేస్తుంది, ఆ వయసుకు కన్ను సాగదు, నొప్పి ఉండదు, నీళ్ళు కారవు, ఎవరికీ తెలియదు. స్కూల్ పరీక్షల్లో ఇట్లాంటి పిల్లాణ్ణి ఒకణ్ణి చూశాను, నాలుగో తరగతి, బోర్డు కనబడటంలేదని టీచరు అద్దాల కోసం పంపింది. అద్దాలు పెట్టినా చూపు పెరగలేదు. పైకి పంపితే రెండు నరాలూ బాగా దెబ్బతిన్నాయని తేలింది. జేబులో ఆ సీసా ఉంది, బడికి కూడా తెచ్చుకుంటాడు. ఆ చుక్కలు మంచివే, డాక్టరు వేయమన్నన్ని రోజులు వేసి ప్రెషర్ చూపించుకుంటూ ఉంటే. మీ పాపకు ఆపరేషన్ తర్వాత కూడా కొన్నాళ్ళు స్టెరాయిడ్ చుక్కలే ఇస్తారు, వాటిని మీ అంతట మీరు ఆపనూ కూడదు, పొడిగించనూ కూడదు.

మేనరికం వల్లనే వచ్చిందా అని మీరు మెల్లగా అడిగారు. పుట్టుకతో వచ్చే నీటికాసులు కొన్ని కుటుంబాల్లో జన్యువు వల్ల వస్తుంది, ఎక్కువగా కనబడేది సీవైపీ1బీ1 అనే జన్యువు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, లోపమున్న రెండు కాపీలూ కలిస్తేనే జబ్బు. దగ్గరి సంబంధాల్లో అట్లా కలిసే అవకాశం పెరుగుతుంది. పాశ్చాత్య దేశాల్లో పదివేల జననాలకు ఒక బిడ్డ లేదా అంతకంటే తక్కువ అంటారు, మన ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 జననాలకు ఒకరని ఇక్కడ చేసిన అధ్యయనంలోనే తేలింది. అయితే మేనరికం లేని ఇళ్ళలో కూడా వస్తుంది. కాబట్టి మీ చెల్లెలిని, బావగారిని ఎవరైనా దెప్పితే మీరు అడ్డుపడండి. ఆమెకు ఇప్పుడు కావలసింది ఆసుపత్రికి తోడు వచ్చే మనిషి. ఈ సమాచారం వల్ల చేయాల్సిన పని ఒకటుంది: పాపకు అన్న ఉన్నాడన్నారు, వాడి కళ్ళు కూడా ఇదే ప్రయాణంలో చూపించండి. మళ్ళీ కాన్పు అయితే, ఆ బిడ్డకు నాలుగింట ఒక వంతు అవకాశం ఉండొచ్చు కాబట్టి, పుట్టిన వారంలోనే కంటి డాక్టరు చూడాలి.

డబ్బు విషయం. బయలుదేరేముందు బియ్యం కార్డు, తల్లిదండ్రుల ఆధార్, పాప పుట్టిన సర్టిఫికెట్, వీలైతే బాల ఆధార్ పెట్టుకోండి. పసిబిడ్డకు వేలిముద్రలు తీయరు, తల్లిదండ్రులవే తీసుకుంటారు, కాబట్టి ఆధార్ ఆలస్యం కాదు. ఎన్టీఆర్ వైద్య సేవ (చాలామంది ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటారు) మీరు పోయే ఆసుపత్రిలో ఈ ఆపరేషన్‌కు వర్తిస్తుందా అని చేరకముందే అక్కడి డెస్కులో అడగండి. చేరి బిల్లు కట్టాక అడిగితే ఏమీ చేయలేరు. 104కు ఫోన్ చేసి కూడా కనుక్కోవచ్చు. అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లల్ని చూసే ప్రభుత్వ బృందాలు ఉంటాయి, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద. మీ ఆశా కార్యకర్తకు చెప్తే వాళ్ళ ద్వారా రెఫరల్ రాయించడం వీలవుతుంది. కానీ ఆ కాగితం కోసం ప్రయాణం ఆపకండి, రెండూ పక్కపక్కన నడవాలి. పెద్ద కంటి ఆసుపత్రుల్లో పేదవాళ్ళకు ఉచిత విభాగాలు, తగ్గింపులు ఉంటాయి. అడగడానికి మొహమాటపడి వడ్డీకి అప్పు తెచ్చినవాళ్ళను చూశాను. మొదటి రోజే అడిగేయండి.

చూపు దక్కుతుందా అన్నారు. పరీక్ష కాకముందు ఎవరూ మాట ఇవ్వలేరు. పుట్టుకతోనే మబ్బుగా ఉన్న కళ్ళకంటే, మీ పాపలా కొన్ని నెలల తర్వాత బయటపడిన వాటికి ఆపరేషన్ బాగా పనిచేస్తుంది. చాలామంది పిల్లల్లో మొదటి ఆపరేషన్‌తోనే ప్రెషర్ అదుపులోకి వస్తుంది, కొందరికి రెండోది, మూడోది కావాలి. ఏళ్ళు గడిచాక మళ్ళీ పెరిగేవాళ్ళూ ఉంటారు, అది ఎవరి తప్పూ కాదు, జబ్బు గుణమే అది.

అందుకే దగ్గర, దూరం గురించి అంత గట్టిగా చెప్పాను. నాకు తెలిసిన ఇద్దరు పిల్లలు, ఇంచుమించు ఒకే వయసు. ఒకరిని ఎంతో కష్టపడి, అప్పుచేసి దూరపు పట్నంలో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళారు, ఆపరేషన్ చక్కగా అయింది, కన్ను తేటపడింది. బిడ్డ ఆడుకుంటోంది, నీళ్ళు కారడం లేదు, రైలు టికెట్లు, కూలి పోవడం, ఇంట్లో ఇంకో చంటిబిడ్డ, ఇట్లా ఒక తేదీ తప్పింది, తర్వాత అన్నీ తప్పాయి. మూడో ఏడు దాటాక కన్ను సాగదు కాబట్టి ప్రెషర్ పెరిగినా బయటికి తెలియదు. తెలిసేసరికి ఒక కంటి చూపు చాలావరకు పోయింది. రెండో పిల్లవాడికి ఆపరేషన్ దూరంలోనే అయింది, కానీ వాళ్ళ నాన్న అక్కడి డాక్టరును అడిగి, ప్రతిసారీ ఇక్కడికి రాలేము, మా దగ్గర ఎవరికి చూపించమంటారు అని ఒక ఉత్తరం రాయించుకున్నాడు. మామూలు చెకప్‌లు దగ్గర్లో, ఏడాదికోసారి పెద్ద పరీక్ష దూరంలో. మందమైన అద్దాలతో ఆ పిల్లవాడు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. మీరు చెన్నై పోయినా, వెంకటాద్రి రైలెక్కి హైదరాబాద్ పోయినా, తిరిగొచ్చేముందు ఆ ఉత్తరం రాయించుకోకుండా డిశ్చార్జ్ కాకండి. ప్రతి పరీక్షలో ప్రెషర్ ఎంత, నల్లగుడ్డు కొలత ఎంత, కన్ను పొడవు ఎంత, నరం ఎట్లా ఉంది అనేవి ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. ఫైలు పోయినా ఆ పుస్తకం చాలు.

ప్రెషర్ దిగితే పని అయిపోయిందనుకుంటారు, అద్దాల దగ్గర తప్పు చేస్తారు. సాగిన కంటికి దూరపు చూపు తగ్గుతుంది, నల్లగుడ్డులో చీలికల వల్ల వంకర పవర్ కూడా ఉంటుంది. ఏడాది బిడ్డకు అద్దాలేమిటి అని నవ్వేవాళ్ళు నవ్వుతారు, మీరు పెట్టండి. మీ పాపకు ఎడమకన్ను ఎక్కువ దెబ్బతిని ఉంటే, మంచి కన్నును రోజూ డాక్టరు చెప్పినన్ని గంటలు ప్యాచ్‌తో మూయమంటారు. పిల్ల ఏడుస్తుంది, పీకేస్తుంది, ఇంట్లో అందరూ పాపం అంటారు. ఆపరేషన్ చేయించిన ఇళ్ళలో కూడా ప్యాచ్ దగ్గర ఓడిపోయినవాళ్ళే ఎక్కువ. తల్లి ఒక్కదాని మీద వదిలేయకండి, ఆ గంటల్లో ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఆడించాలి. అద్దాలు పాలీకార్బొనేట్‌వి తీసుకోండి. ఇట్లాంటి కళ్ళ గోడ పల్చన, బిళ్ళంగోడు దెబ్బకో టపాసు ముక్కకో పగిలే ప్రమాదం మామూలు పిల్లలకంటే ఎక్కువ.

ఒకవేళ చూపు తక్కువగానే మిగిలితే, వైకల్యం ఎంతో చూసి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో పరీక్ష చేయించండి, వైకల్యం 40 శాతం లేదా పైన ఉంటే సర్టిఫికెట్‌తో పింఛను, చదువులో సదుపాయాలు వస్తాయి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచర్లను కలవండి. తక్కువ చూపు ఉన్న పిల్లలు మామూలు బడిలో ముందు బెంచీలో కూర్చుని, పెద్ద అక్షరాలతో బాగా చదువుకుంటారు. అది తర్వాతి సంగతి, ఇప్పుడు దాని గురించి టెన్షన్ పడకండి.

ఇంకొక్కటి, దీన్ని రాసి గోడకు అంటించుకోండి. కొత్త దారి చేసిన ఆపరేషన్ అయితే పైరెప్ప కింద చిన్న నీటిపొక్కులా ఉంటుంది, అది ఉండాల్సిందే. ఎన్నేళ్ళ తర్వాతైనా సరే ఆ కన్ను ఉన్నట్టుండి ఎర్రబడితే, చీము కనబడితే, బిడ్డ మళ్ళీ వెలుతురు చూడలేకపోతే, తర్వాతి తేదీ ఎప్పుడుందో చూడకండి, మెడికల్ షాపుకు పోకండి. ఆ రాత్రికే ఆసుపత్రికి పోవాలి. అక్కడ డ్యూటీలో ఉన్నవాళ్ళకు ముందుగా చెప్పాల్సిన మాట, ఈ కంటికి గ్లకోమా ఆపరేషన్ అయింది అని.